మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మీ స్థలం చూసుకోవడం, గడువులోగా అభ్యంతరం పెట్టడం ఎలా: నెల్లూరు, ఒంగోలు వాసుల కోసం

"అన్నా, మా ప్లాటు గ్రీన్‌లో పడిందంట, నిజమేనా?" "మా ఇంటి మీదుగా అరవై అడుగుల రోడ్డు గీశారంట, పడగొడతారా?" ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. అడిగేవాళ్లలో చాలామంది మాస్టర్ ప్లాన్ (ఊళ్లో ఏ స్థలం దేనికి, ఏ రోడ్డు ఎంత అని చూపే పటాలు) చూసి ఉండరు. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటో చూసి ఉంటారు, లేదా టీ కొట్టు దగ్గర ఎవరో అంటుంటే విని ఉంటారు.

నేను అధికారిని కాను, లాయర్ని కాను. కాలనీ సంక్షేమ సంఘం పనుల మీద ఈ ఫైళ్ల వెంట తిరిగి నేర్చుకున్నవాణ్ణి. మొదటిసారి మేం అరవైమంది సంతకాలతో అర్జీ ఇచ్చాం. విచారణ రోజు వెళితే జాబితాలో మా పేరే లేదు. రసీదు తీసుకోలేదు కాబట్టి అర్జీ ఇచ్చామని చూపించలేకపోయాం. ఇంటికొచ్చి మా దగ్గరున్న కాపీ చదువుకుంటే, రెండు పేజీల అర్జీలో ఒక్క సర్వే నంబరు కూడా లేదు. ఏ స్థలంలో ఏం మార్చాలని అడిగామో మాకే అర్థం కాలేదు. అందుకే ఈసారి అడిగిన అందరికీ కలిపి, మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

1. ముందు రెండు విషయాలు తేల్చుకోండి: ప్లాన్ ఎవరిది, గడువు ఎప్పటికి

నెల్లూరు నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్నవాళ్లకు, బయట మండలాల్లో ఉన్నవాళ్లకు ఒకే ఆఫీసు అనుకోకండి. నగరం చుట్టుపక్కల గ్రామాలతో కలిపి నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) ఉంది. ఒంగోలు వైపు ఒంగోలు పట్టణాభివృద్ధి సంస్థ (ఔడా) ఉంది. ఇవి 2016 నాటి మెట్రోపాలిటన్ రీజియన్, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద ఏర్పడ్డాయి. మున్సిపాలిటీల పాత మాస్టర్ ప్లాన్లు 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం కింద వచ్చాయి. అర్జీ పైన ఏ చట్టం, ఏ నోటిఫికేషన్ రాయాలన్నది దీన్ని బట్టి ఉంటుంది.

రెండోది గడువు. పేపర్లో ప్రకటన చూసిన రోజు నుంచి లెక్కపెట్టుకునేవాళ్లు చాలామంది. గెజిట్‌లో వచ్చిన తేదీ అంతకన్నా ముందే అయి ఉండొచ్చు. నోటిఫికేషన్ కాపీ తీసుకుని, అభ్యంతరాలకు ఎన్ని రోజులిచ్చారో, ఏ తేదీ నుంచి అని రాశారో కళ్లారా చదవండి. ఆ చివరి తేదీకి మూడు రోజుల ముందే మీ గడువు అనుకుని పని మొదలుపెట్టండి.

ఎవరిని అడగాలో తెలియకపోతే మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టండి. మీ స్థలం ఏ షీటులో వస్తుందో చెప్పగలిగే మనిషి మీకు అందరికన్నా దగ్గర్లో అక్కడే ఉంటారు.

2. చేతిలో ఉండాల్సిన కాగితాలు

ఆఫీసుకు వెళ్లే ముందు ఇవి ఒక ఫైల్లో పెట్టుకోండి.

☐ రిజిస్టర్డ్ దస్తావేజు జిరాక్సు, లింకు డాక్యుమెంట్లు
☐ తాజా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)
☐ పొలమైతే మీభూమి పోర్టల్ నుంచి అడంగల్, 1-బి
☐ ఎఫ్ఎంబి స్కెచ్ (సర్వే నంబరు హద్దుల కొలతలున్న రెవెన్యూ పటం), గ్రామ పటం
☐ ఇల్లయితే మంజూరైన బిల్డింగ్ ప్లాన్, పన్ను రసీదు
☐ లేఔట్ ప్లాటయితే అనుమతి పొందిన లేఔట్ కాపీ, లేఔట్ అనుమతి (ఎల్‌పీ) నంబరుతో సహా
☐ స్థలం నాలుగు మూలల ఫొటోలు, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసినవి

ఇక్కడ రెండు చిక్కులున్నాయి, జాగ్రత్త.

మొదటిది నంబర్లు. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. మీ కొత్త పాస్‌బుక్‌లో ఉన్నది ఆ నంబరు. మాస్టర్ ప్లాన్ బేస్ మ్యాపు మాత్రం పాత గ్రామ పటం మీద తయారై ఉండొచ్చు. రెండూ కలిపి చూడకపోతే పక్కవాడి పొలం చూసి మీ పొలం అనుకుంటారు. పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్న పట్టిక కోసం గ్రామ సర్వేయర్‌ని అడగండి. పాత నెల్లూరులో మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట లాంటి చోట్ల సర్వే నంబర్లకు బదులు టౌన్ సర్వే నంబర్లుంటాయి. దస్తావేజులో వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు మూడూ ఉన్నాయో లేదో చూడండి.

రెండోది కొలతలు. ప్లాన్‌లో అన్నీ మీటర్లు, హెక్టార్లు. మనం నెల్లూరులో అంకణాల్లో మాట్లాడుకుంటాం. ఈ లెక్క గోడకు అంటించుకోండి:

- నెల్లూరు అంకణం అంటే 8 చదరపు గజాలు, అంటే 72 చదరపు అడుగులు
- ఎకరానికి 4,840 చదరపు గజాలు, అంటే 605 అంకణాలు
- హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు
- 12 మీటర్ల రోడ్డంటే మన 40 అడుగుల రోడ్డు, 18 మీటర్లంటే 60, 24 అంటే 80, 30 అంటే 100 అడుగులు

తిరుపతి వైపు అంకణం వేరు, 36 చదరపు అడుగులు. అర్జీలో అంకణాలు రాసినా పక్కన చదరపు మీటర్లు తప్పకుండా వేయండి.

3. ఏ షీట్లు అడగాలి

రంగు రంగుల పెద్ద మ్యాపు ఒకటి గోడకు వేలాడుతుంటుంది. అందరూ అదొక్కటే చూసి వచ్చేస్తారు. మీరు నాలుగు అడగండి.

మొదటిది ప్రస్తుత భూవినియోగ పటం. సర్వే చేసిన నాటికి ఎక్కడ ఏముందని వాళ్లు రాసుకున్నారో ఇందులో ఉంటుంది. తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. మీ ఇళ్లున్న వీధిని ఖాళీ స్థలమని నమోదు చేసి ఉంటే, దాని మీద పార్కో రోడ్డో వేయడం వాళ్లకు సబబుగానే కనిపిస్తుంది.

రెండోది ప్రతిపాదిత భూవినియోగ పటం. మూడోది రోడ్ల పటం, దానితో పాటు వచ్చే రోడ్ల పట్టిక. ఏ రోడ్డు ఇప్పుడెంత, ఎంతకు పెంచుతారన్నది పట్టికలోనే అంకెల్లో ఉంటుంది. నాలుగోది జోనింగ్ నిబంధనల పుస్తకం. ఒక్కో జోన్లో ఏది కట్టవచ్చు, ఏది కట్టకూడదు, దేనికి ప్రత్యేక అనుమతి కావాలన్న జాబితాలు అందులో ఉంటాయి.

రంగుల విషయం. సాధారణంగా పసుపు నివాస ప్రాంతం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమలు, ఎరుపు ఆసుపత్రి, బడి లాంటి ప్రజావసరాలు, ముదురు పచ్చ పార్కులు, ఆటస్థలాలు, లేత పచ్చ వ్యవసాయం. కానీ ముందుగా షీటు మూల ఉన్న సూచిక పట్టీ చూడండి. "గ్రీన్‌లో పడింది" అని భయపడేవాళ్లలో కొందరిది ముదురు పచ్చ, కొందరిది లేత పచ్చ. రెండింటికీ చాలా తేడా ఉంది. వ్యవసాయ జోన్‌లో పడితే పంట వేసుకోవచ్చు, నిబంధనల పుస్తకంలో ఉన్న కొన్ని కట్టడాలకూ వీలుంటుంది. పార్కు కింద చూపిస్తే ఇంటికి అనుమతి రావడమే కష్టం.

4. మీ స్థలాన్ని ప్లాన్ మీద పట్టుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

ముందు షీటు స్కేలు చూడండి. 1:10,000 స్కేలులో కాగితం మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 10 మీటర్లు, దాదాపు 33 అడుగులు. అంటే పెన్నుతో గీసిన గీత మందమే ఒక ప్లాటు వెడల్పు మింగేస్తుంది. 60 అడుగుల రోడ్డు ఆ షీటులో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాబట్టి ముద్రించిన మ్యాపు చూసి "మా గోడ పోతుంది", "మా గోడ పోదు" అని ఎవరూ తేల్చలేరు. ఫోన్‌లో వచ్చిన ఫొటో పెద్దది చేసి చూస్తే అసలే తేలదు.

ఈ వరుసలో వెళ్లండి.

అ) గ్రామ పటంలో మీ సర్వే నంబరు, దాని చుట్టూ ఉన్న నాలుగైదు నంబర్లు గుర్తుపెట్టుకోండి. ప్లాన్ మీద నేరుగా మీ నంబరు కోసం వెతక్కండి. ముందు చెరువు, కాలువ, రైలు కట్ట, గుడి, నాలుగు రోడ్ల కూడలి లాంటి కదలని గుర్తులు పట్టుకుని అక్కడి నుంచి మీ నంబరు దాకా రండి.

ఆ) కంప్యూటర్‌లో ప్లాన్ తెరిచి మీ సర్వే నంబరు మీద పెద్దది చేసి చూపించమని టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. మర్యాదగా, నంబరు రాసిన చీటీతో అడిగితే చాలావరకు చూపిస్తారు. ఆ స్క్రీన్ మీద కనిపించిన షీటు నంబరు, జోన్ పేరు, రోడ్డు వెడల్పు అక్కడికక్కడే రాసుకోండి.

ఇ) ఎఫ్ఎంబి స్కెచ్ తీసి మీ హద్దుల పొడవులు చూడండి. పాత స్కెచ్‌ల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసుకు 100 లింకులు, గొలుసు 66 అడుగులు. అంటే లింకు 0.66 అడుగు. లింకులను అడుగులనుకుని లెక్కవేసి గాభరా పడినవాళ్లను నేను చూశాను.

ఈ) రోడ్డు వెడల్పు విషయమైతే టేపు పట్టుకుని నేల మీద కొలవండి. గోడ నుంచి ఎదుటి గోడ దాకా, మూడు చోట్ల. ఇప్పుడు 30 అడుగులుండి ప్లాన్‌లో 60 అని ఉంటే, మధ్య గీత నుంచి రెండు వైపులా సమానంగా పెంచితే మీ వైపు 15 అడుగులు. ఒకవైపే పెంచితే 30 అడుగులు. "మధ్య గీత ఎక్కడ పెట్టారు?" అన్నది అడగకుండా రాకండి.

ఉ) డొంక ఉందేమో చూడండి. ఇది మన రెండు జిల్లాలకూ బాగా పనికొచ్చే విషయం. ఒంగోలులో మంగమూరు డొంక పేరు వినని వాళ్లుండరు. అలాంటి పాత బండ్ల దారులు రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా వేరే నంబరుతో, నిర్ణీత వెడల్పుతో ఉంటాయి. నేల మీద ఆక్రమణల వల్ల సన్నబడి ఉండొచ్చు. కొత్త రోడ్డు గీత పట్టా భూమిలోంచి పోతూ, పక్కనే డొంక పోరంబోకు ఖాళీగా ఉంటే, మీ అభ్యంతరానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు. గ్రామ పటం, ఎఫ్ఎంబి, అడంగల్ మూడింటిలోనూ డొంక నంబరు గుర్తించి జతచేయండి.

చూసుకున్నాక ఇవి మీ నోటుపుస్తకంలో ఉండాలి:

☐ షీటు నంబరు
☐ ప్రస్తుత భూవినియోగం అని వాళ్లు రాసింది, నిజంగా ఉన్నది
☐ ప్రతిపాదించిన జోన్
☐ పక్కనున్న రోడ్డు ఇప్పటి వెడల్పు, ప్రతిపాదిత వెడల్పు, మీటర్లలో
☐ మధ్య గీత నుంచి మీ గోడకు దూరం
☐ దగ్గర్లోని చెరువు, కాలువ, వాగు, డొంక నంబర్లు

5. మీ గోడ దాటి నీళ్ల దారి కూడా చూడండి

తమ ప్లాటు పసుపు రంగులో ఉంటే చాలని చాలామంది అక్కడితో ఆపేస్తారు. దయచేసి ఆపకండి. నెల్లూరు ఆయకట్టు మీద పెరిగిన ఊరు. జాఫర్ సాహెబ్ కాలువ, సర్వేపల్లి కాలువ, వాటి కింద పంట కాలువలు ఇప్పుడు కాలనీల మధ్య నుంచి పోతున్నాయి. స్వర్ణాల చెరువు ఊళ్లోనే ఉంది. ఒంగోలులో పోతురాజు కాలువ పూడుకుపోయిన చోటల్లా వాన పడితే లోతట్టు వీధుల్లోకి నీళ్లొస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైళ్లు ఆగిపోయాయి. ఆ నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయో మన కళ్లతో చూశాం. ప్లాన్ గీసేవాళ్లు ఆ రోజు మన వీధిలో లేరు. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సింది మనమే.

చూడాల్సినవి ఇవి. మీ ఏరియాలో గ్రామ పటంలో ఉన్న కాలువలు, తూములు, కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) ఒక్కొక్కటీ ప్లాన్‌లో కూడా ఉన్నాయా? కలుజు కింద నీళ్లు పారే దారిని నివాస జోన్‌గా చూపించారా? చెరువు హద్దు పూర్తిమట్టం (చెరువు నిండినప్పటి నీటి అంచు) దగ్గర గీశారా, లేక ఎండాకాలం నీళ్లున్నంత మేరకే గీశారా? సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపో షీట్లు, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు ఇందుకు పనికొస్తాయి.

2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో (జీవో 119) నీటి వనరుల పక్కన వదలాల్సిన జాగా రాసి ఉంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు వాటికి 2 మీటర్లు. ప్లాన్‌లో కాలువ గీతే లేకపోతే ఈ జాగా అడిగేవాళ్లుండరు. రేపు అక్కడ వెంచర్ పడుతుంది, వాన నీళ్లు మీ హాల్లోకి వస్తాయి.

కాబట్టి మీ సొంత స్థలం మీద అభ్యంతరం లేకపోయినా, కనిపించని కాలువ గురించి "సూచన" కింద ఒక అర్జీ పెట్టండి. అభ్యంతరాలతో పాటు సూచనలూ తీసుకుంటారు.

కొత్తపట్నం, మైపాడు లాంటి తీర గ్రామాల వాళ్లు తీర ప్రాంత నియంత్రణ జోన్ హద్దులు కూడా చూసుకోవాలి. మాస్టర్ ప్లాన్‌లో నివాసమని ఉన్నా ఆ నియమాలు వేరుగా వర్తిస్తాయి.

6. అర్జీ రాయడం

ముందు, పని చేయని అర్జీ ఎలా ఉంటుందో చూడండి:

"మా కాలనీలో చాలా ఏళ్లుగా నివసిస్తున్నాం. ఈ ప్లాన్ వల్ల మాకు తీరని అన్యాయం జరుగుతుంది. కావున తమరు దయతలచి ప్లాన్ రద్దు చేయవలసిందిగా ప్రార్థన."

బాధ నిజమే. కానీ ఇది చదివిన డ్రాఫ్ట్స్‌మన్ ఏ షీటు తెరవాలి? ఏ గీత జరపాలి? మేం మొదటిసారి రాసింది ఇంచుమించు ఇలాంటిదే.

ఇప్పుడు పని చేసే అర్జీ. ఖాళీలు మీ వివరాలతో నింపుకోండి.

"కమిషనర్ / వైస్ చైర్మన్ గారికి,

విషయం: ముసాయిదా మాస్టర్ ప్లాన్ – ____ గ్రామం, సర్వే నం. ____ (కొత్త ఎల్‌పీఎం నం. ____) – ప్రతిపాదిత 18 మీటర్ల రోడ్డు అమరికపై అభ్యంతరం.

సూచిక: నోటిఫికేషన్ నం. ____, తేదీ ____.

1. పై సర్వే నంబరులో ____ చదరపు మీటర్ల స్థలానికి నేను యజమానిని. దస్తావేజు నం. ____ జతపరిచాను.

2. షీటు నం. ____లో ఈ స్థలం మీదుగా 18 మీటర్ల కొత్త రోడ్డు చూపించారు. ప్రస్తుత భూవినియోగ పటంలో దీన్ని ఖాళీ స్థలంగా నమోదు చేశారు.

3. ఈ స్థలంలో ____ సంవత్సరం నుంచి ఇల్లుంది. బిల్డింగ్ ప్లాన్, పన్ను రసీదు, ఫొటోలు జతపరిచాను. రోడ్డు గీతకు ఉత్తరాన ____ మీటర్ల దూరంలో సర్వే నం. ____లో ____ మీటర్ల వెడల్పు డొంక పోరంబోకు ఉంది. ఎఫ్ఎంబి కాపీ జతపరిచాను.

4. కోరిన మార్పు: (అ) ప్రస్తుత భూవినియోగాన్ని నివాసంగా సరిదిద్దాలి. (ఆ) రోడ్డు అమరికను సర్వే నం. ____ డొంక మీదుగా మార్చాలి. (ఇ) అలా కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలపాలి.

5. విచారణ తేదీని పై చిరునామాకు, ఫోన్‌కు తెలపాలి. అదనపు ఆధారాలు అప్పుడు సమర్పించుకుంటాను."

దీనికి ఒక పేజీ స్కెచ్ జతచేయండి. చేత్తో గీసినదైనా పర్వాలేదు. ఎఫ్ఎంబి జిరాక్సు మీద ప్రతిపాదిత రోడ్డు ఎర్ర పెన్నుతో, మీరు అడిగే దారి పచ్చ పెన్నుతో గీయండి. వంద వాక్యాలకన్నా ఆ కాగితం బాగా చెబుతుంది.

నాలుగో పేరా అన్నిటికన్నా ముఖ్యం. "వద్దు" అని రాసి ఊరుకోకండి. "ఇక్కడ వద్దు, ఇలా మార్చండి" అని రాయండి. ఊరికి రోడ్డు కావాలి, పార్కూ కావాలి, ఆ సంగతి ఒప్పుకుంటూనే మీ మాట చెప్పండి. విచారణలో కూర్చునేవాళ్లు వినడానికి అప్పుడే ఇష్టపడతారు.

కాలనీ అంతా ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టడం కన్నా, ఇంటికొక అర్జీ, అందులో ఎవరి సర్వే నంబరు, కొలత వాళ్లది ఉండడం మేలని నా అనుభవం. దానితో పాటు సంఘం తరఫున ఒక ఉమ్మడి అర్జీ ఇవ్వండి.

7. ఇవ్వడం, రసీదు, సమాచార హక్కు

☐ రెండు సెట్లు తీసుకెళ్లండి. రెండో సెట్టు మీద తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, సీలు వేయించుకోండి.
☐ అదే రోజు స్పీడ్ పోస్టులో ఒక కాపీ పంపండి. పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచండి.
☐ నోటిఫికేషన్‌లో ఈమెయిల్ ఇచ్చి ఉంటే స్కాన్ కాపీ పంపండి.
☐ మీ అర్జీ నంబరు అభ్యంతరాల రిజిస్టరులో ఎక్కిందో లేదో వారం తర్వాత వెళ్లి చూడండి.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే చాలనుకోకండి. అక్కడ ఇవ్వడం మంచిదే, కానీ నోటిఫికేషన్‌లో పేర్కొన్న అధికారికి ఇచ్చినదే అభ్యంతరంగా లెక్కలోకి వస్తుంది.

షీట్ల కాపీలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. అయితే జవాబుకు వాళ్లకు 30 రోజుల సమయం ఉంది. ఆ కాగితం వచ్చేసరికి అభ్యంతరాల గడువు దాటిపోవచ్చు. అందుకే సమాచార హక్కు దరఖాస్తు మొదటి రోజే పెట్టండి, జవాబు కోసం ఆగకుండా ఉన్న ఆధారాలతో అభ్యంతరం ఇచ్చేయండి. రికార్డులను స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. "కాపీలు ఆలస్యమైతే రికార్డు పరిశీలనకు అనుమతించండి" అని దరఖాస్తులోనే రాయండి.

8. విచారణ రోజు

మీకు దొరికేది కొద్ది నిమిషాలే. సర్వే నంబరు, షీటు నంబరు, తప్పేమిటి, కోరిన మార్పేమిటి, ఈ నాలుగూ మొదటి నిమిషంలో చెప్పేయండి. ఎర్ర, పచ్చ గీతల స్కెచ్ బల్ల మీద పెట్టండి. వీలైతే స్క్రీన్ మీద మీ సర్వే నంబరు తెరిపించి మాట్లాడండి. కాలనీ నుంచి ఇద్దరు మాట్లాడితే చాలు. ఒకరు కాగితాలు తెలిసినవాళ్లు, ఒకరు నీళ్లొచ్చిన వీధిలో ఉన్న పెద్దావిడ. మా దగ్గర ఒకసారి అలాంటి అవ్వే మోకాలి దాకా నీళ్లొచ్చిన గుర్తు గోడ మీద ఎంత ఎత్తులో ఉందో చెప్పింది. అధికారి కాగితం మీద ఆ ఎత్తు రాసుకున్నారు.

మీరు చెప్పింది మినిట్స్‌లో రాసుకున్నారో లేదో అడిగి, హాజరు పట్టీలో సంతకం పెట్టి రండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

"మాకు పాత నాలా కాగితం ఉంది, ఇంకేం భయం?" వ్యవసాయ భూమిని వ్యవసాయేతరానికి మార్చుకున్న ఆ కాగితం 2006 నాటి చట్టం కింద వచ్చింది. మాస్టర్ ప్లాన్ జోన్ అంటే వేరే సంగతి. నాలా కాగితం ఉన్నంత మాత్రాన జోన్ మారదు. కాబట్టి దాన్ని ఆధారంగా చూపించి జోన్ సరిచేయమని విడిగా అడగాలి.

"పంచాయతీ అనుమతి ఉన్న వెంచర్ కదా." లేఔట్‌కు సాంకేతిక అనుమతి ఎవరిచ్చారో చూడండి. లేఔట్ కాపీలో పార్కు కోసం వదిలిన ఖాళీ జాగా, అంటే కనీసం 10 శాతం, ఎక్కడుందో కూడా చూడండి. మా బంధువుల్లో ఒకాయన కొన్న యాభై అంకణాలు సరిగ్గా అలాంటి జాగాలోనే ఉన్నాయని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. మాస్టర్ ప్లాన్ అభ్యంతరంతో ఆ సమస్య తీరదు. అమ్మినవాళ్ల మీద విడిగా పోరాడాల్సి వచ్చింది.

"నిషేధిత జాబితాలో ఉన్న భూమికి జోన్ మార్పు అడిగాం." రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు), చుక్కల భూముల (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నవి) సమస్య రెవెన్యూ వాళ్లు తేల్చాలి. ముందు అది తేల్చుకోండి. టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర దానికి మందు లేదు.

"గీత పడింది, రేపే పడగొడతారు." ప్లాన్‌లో గీత పడగానే స్థలం మీ చేతి నుంచి పోదు. తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం కింద పరిహారమో, మీ సమ్మతితో టీడీఆర్ బాండో (పోయిన జాగాకు బదులు అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం), అలాంటి పద్ధతి నడవాలి. అంతమాత్రాన గీతను తేలిగ్గా తీసుకోకండి. రేపు మీరు కొత్త బిల్డింగ్ ప్లాన్‌కు పెట్టుకుంటే ఆ మేరకు జాగా వదలమంటారు. బ్యాంకు లోను దగ్గర, అమ్మకం దగ్గర ఆ గీత అడ్డొస్తుంది. టెన్షన్ పడి అయినకాడికి అమ్ముకోవద్దు, గడువులో అర్జీ పెట్టండి.

"బ్రోకర్ చూసుకుంటానన్నాడు." డబ్బులిచ్చి జోన్ మార్పిస్తామనే మాట నమ్మకండి. అర్జీ మీ పేరుతో, మీ చేతులతో ఇవ్వండి. రసీదు మీ దగ్గరే ఉండాలి.

10. ప్లాన్ ఖరారైన తర్వాత

తుది నోటిఫికేషన్ గెజిట్‌లో రాగానే మళ్లీ నాలుగో భాగంలో చెప్పినట్టు మీ స్థలం చూసుకోండి. ముసాయిదాలో ఉన్నది తుది ప్లాన్‌లో మారి ఉండొచ్చు, మీకు నచ్చినట్టో నచ్చనట్టో. అభ్యంతరాల మీద తీసుకున్న నిర్ణయాల నివేదికలో మీ అర్జీ నంబరు ఎదురుగా ఏం రాశారో కాపీ అడగండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే లాయర్ మొదట అడిగేది అదీ, రసీదూ.

గడువు దాటిపోయినవాళ్లకు, తర్వాత స్థలం కొన్నవాళ్లకు భూవినియోగ మార్పు దరఖాస్తు అనే దారి ఉంది. కానీ అది పొడుగాటి దారి. దరఖాస్తు, యాజమాన్య పత్రాలు, చుట్టుపక్కల సర్వే నంబర్లతో కలిపిన స్కెచ్ ఇవ్వాలి. కార్పొరేషన్ పరిధిలో కౌన్సిల్ తీర్మానం, ఆపై టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ సిఫారసు, తర్వాత ప్రభుత్వ నిర్ణయం. 1920 చట్టం 15వ సెక్షన్ కింద ముసాయిదా మార్పును గెజిట్‌లో వేసి 15 రోజుల్లో అభ్యంతరాలు పిలుస్తారు. చార్జీలు కట్టాక తుది ఉత్తర్వు వస్తుంది.

ఆ 15 రోజుల ప్రకటనలు ప్లాన్ ఖరారయ్యాక కూడా ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. మీ పక్క పొలాన్ని పరిశ్రమల జోన్‌కు, మీ వీధి చివరి పార్కు జాగాను వాణిజ్యానికి మార్చాలని ఎవరో అడిగి ఉండొచ్చు. కాలనీ సంఘంలో ఒకరికి ఈ పని అప్పగించండి. నెలకు రెండుసార్లు గెజిట్‌లో మీ గ్రామం పేరుతో వెతకడం, కనిపిస్తే అదే రోజు సంఘం వాట్సాప్ గ్రూపులో సర్వే నంబరుతో సహా పెట్టడం. పై అర్జీ నమూనానే అక్కడా వాడుకోవచ్చు, విషయం, సూచిక పంక్తులు మాత్రం మార్చుకోండి.